వరస కలిసేదాకా

మా అక్కకి వరి నాటేటప్పుడు పాడే ఊడ్పు పాటలంటే పడదు. నాకు ప్రాణం. మా ఇద్దరికీ పంచుకోవాల్సిన ఆస్తి తగాదాలేమీ లేవు కాబట్టి, ఏళ్ల తరబడి ఈ పాటల మీదే పోట్లాడుకుంటున్నాం.

అక్క అమలాపురంలో పిల్లలకి సంగీతం చెబుతుంది. నేను కొత్తపేటలో లెక్కల టీచర్ని. మా ఇంటి వెనక మాకున్న కాస్త చేలో దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఊడ్పులు పడ్డాయంటే సెలవు పెట్టి మరీ గట్టు మీద కూర్చుంటాను. పని చూసుకోవడానికని ఇంట్లో చెబుతాను గానీ, వెళ్ళేది పాట కోసం. ఊళ్ళో సగం చేలల్లో ఇప్పుడు విత్తనాలు వెదజల్లేస్తున్నారు, అక్కడ పాట ఉండదు. మా చేలోకి మాత్రం ఏటా పదిమంది ఆడవాళ్ళ ముఠా దిగుతుంది. నేను పట్టుబట్టి పిలిపిస్తాను మరి.

వాళ్ళలో అందరికంటే పెద్దావిడని ముఠా అంతా మామ్మ అంటుంది. ఒకప్పుడు పాట ఎత్తింది ఆవిడేనట. ఇప్పుడు ఆవిడ దగ్గర నేర్చుకున్న మనిషి ఎత్తుతోంది, మామ్మ వరస చివర నిలబడుతోంది. ఇక మానేస్తానని రెండేళ్ళుగా అంటోందని, మానితే ఇంట్లో ఒక్కతీ ఏమైపోతుందోనని వీళ్ళు భయపడుతున్నారని విన్నాను.

అక్క ఒకసారి మా ఇంటికొచ్చి ఈ పాట విని మొహం చిట్లించింది. శ్రుతి లేదంది, తాళం ఎవరిష్టం వాళ్ళదంది. అన్నిటికంటే ఆవిడకి ఒళ్ళు మండింది ఒకే మాటని పట్టుకుని తిప్పి తిప్పి పాడటం. పుట్టింటికి పడవెక్కిన పిల్ల పాట అది. మధ్యలో 'రేవు దాటనీ పడవ, రేవు దాటనీ' అని వస్తుంది. ఒకసారి రెండు సార్లు అంటారు, ఇంకోసారి ఆరు సార్లు.

"ఎక్కడ ఆపాలో తెలియనిదాన్ని పాట అనరే, అలవాటంటారు," అంది అక్క.

నాకు తిక్క రేగింది. నీ శిష్యులు ఫ్యాను కింద చాప మీద కూర్చుని పాడతారు, వీళ్ళు బురదలో నడుం వంచి పాడతారు, ఊపిరి అందడమే గొప్ప అని వాదించాను. అది జాలే గానీ సంగీతం కాదంది. ఆ మాట నిజమే, అందుకే ఇంకా మండింది. జాలిపడి వినడం లేదు నేను. బాగుందని వింటున్నాను. ఎందుకు బాగుందో మాత్రం చెప్పలేకపోయాను.

లెక్కల టీచర్ని కదా, ఆ తిప్పడంలో ఏదో లెక్క ఉండి తీరాలనిపించింది. పాత నోటు పుస్తకం వెనక పేజీలో గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. రెండు, అయిదు, మూడు, ఏడు. పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. ఎండతో పోల్చి చూశాను, మడి పొడుగుతో పోల్చి చూశాను, ఏదీ కుదరలేదు. పాట ఎత్తే ఆమెనే అడిగాను. "ఆయ్, అలా వచ్చేస్తదండీ," అని ఊరుకుంది.

చివరికి చేయకూడని పని చేశాను. ఫోన్లో రికార్డు చేసిన పాటలో ఆ తిప్పుళ్ళన్నీ కత్తిరించి, ప్రతి మాటా రెండేసి సార్లు వచ్చేలా అతికించి అక్కకి పంపాను. ఇప్పుడు పాటలా ఉందే అని మెచ్చుకుంది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, పొంగిపోయాను. మర్నాడు ముఠా క్యారేజీలు విప్పుకుని గట్టు మీద అన్నాలు తింటుంటే, పెద్ద ఘనకార్యం చేసినట్టు అందరికీ వినిపించాను.

తమ గొంతులు తామే విని నవ్వుకున్నారు. మామ్మ మాత్రం చెయ్యి గిన్నెలోనే ఉంచుకుని చివరిదాకా విన్నది.

"పొట్టిదైపోయిందండీ పాట," అంది. "ఇంత తొందరగా అయిపోతే నేనెక్కడ అందుకుంటానండీ?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

కాలవ దగ్గర క్యారేజీ కడుక్కుంటూ పాట ఎత్తే ఆమె నాకు చెప్పింది. ఊడ్పు వెనక్కి నడుస్తూ చేసే పని. మిగతావాళ్ళంతా ఒకే వరసలో వెనక్కి జరుగుతుంటే మామ్మ ఒక్కతే అక్కడ మిగిలిపోతుంది. ఆవిడ చేతిలో నారు పుచ్చుకుని ఇంకొకళ్ళు నాటితే చిన్నబుచ్చుకుంటుంది. ఊరికే ఆగి చూస్తూ నిలబడితే ఇంకా చిన్నబుచ్చుకుంటుంది. అందుకని పాటని ఆ మాట దగ్గర నిలిపి, చేతులు నెమ్మది చేస్తారు. మామ్మ వచ్చి వరసలో కలిశాకే తరవాతి మాట ఎత్తుకుంటారు.

"ఆవిడకి తెలీదనుకున్నామండీ ఇన్నాళ్ళూ," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. పాటలో మామ్మ కోసం ఆగిన చోటల్లా వెతికి మరీ కోసిపారేశాను నేను. అన్ని రోజులు గట్టు మీద కూర్చుని గొంతులు లెక్కపెట్టాను గానీ, ఒక్కసారైనా కాళ్ళ వంక చూడలేదు.

అన్నాలయ్యాక అందరూ మడిలోకి దిగారు. మామ్మ గట్టు మీదే కూర్చుంది. దిగుతుందా, ఇంటికి పోతుందా అని ఆవిడనే చూస్తున్నాను. నా వల్ల ఆవిడ పని మానేస్తే నేనేం చెప్పుకోను? పాట ఎత్తే ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, పిలవలేదు. నారు చేత్తో పట్టుకుని, ఒక్క మొక్కయినా నాటకుండా, రేవు దాటనీ పడవ అని ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. అలా అంటూనే ఉన్నారు. మామ్మ కాసేపు నేల చూపులు చూసి, చీర ఎగదోపుకుని దిగి, వరస చివర తన చోట్లో వంగింది. పాట ముందుకి కదిలింది.

ఆ మధ్యాహ్నం పాటంతా మళ్ళీ రికార్డు చేశాను. మధ్యలో ఎవరో దగ్గినా తీసెయ్యలేదు. జరిగిందంతా రాసి అక్కకి పంపాను. గెలిచానని రాయలేదు, రాయబుద్ధి కాలేదు. సాయంత్రం పిల్లల పాఠాలయ్యాక ఫోన్ చేసింది. శ్రుతి మాట, తాళం మాట ఎత్తలేదు.

"చివరి మడిలో తొమ్మిదోసారికి గానీ కలవలేదే మామ్మ," అంది. "మోకాళ్ళ నొప్పులేమో, కనుక్కోవే."