యెషయా సారు పదకొండు నిమిషాలు

నంద్యాలలో యెషయా సారుకు కాగితమిచ్చి సంతకం తెచ్చుకోవడం కన్నా నల్లమలలో పులి మీసం దువ్వి రావడం తేలిక. పులికైనా కాస్త తొందరుంటుంది, సారుకు అదీ లేదు. ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పైకి చదువుతాడు. చదివాక కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఎదుటి మనిషిని ఒకటే అడుగుతాడు: "ఏమర్థమైంది? మీ మాటల్లో చెప్పండి."

కాశీలో పండాలు గంటసేపు సంకల్పం చెప్పించి కూడా ఈ ప్రశ్న అడగరు. అడిగితే అక్కడ సగం వ్యాపారం మూతపడుతుంది. సారు మాత్రం తన పెళ్లిలోనే అడిగాడట. పాస్టరుగారు ప్రమాణాలు చదవడం ముగించగానే, "వధువుకు ఏమర్థమైందో కొంచెం చెప్పమనండి" అన్నాడట. పెళ్లికూతురు లూదియమ్మ ముసుగు సర్దుకుని, "బతికినన్నాళ్లు ఈ ప్రశ్న నేను పడాలని అర్థమైంది" అందట. "సరిగ్గా చెప్పింది, కానివ్వండి" అన్నాడట సారు.

కాలేజీలో ఆయన ఉద్యోగం పరిశోధనలు నిబంధనల ప్రకారం సాగుతున్నాయో లేదో చూడడం. ఢిల్లీ నుంచి గ్రాంటు తెచ్చుకున్న వాళ్లెవరికైనా, అన్నీ సక్రమమేనని సారు ధ్రువపత్రం రాస్తేనే రెండో ఏడాది పని సాగుతుంది. మనుషుల మీద చేసే పరిశోధనైతే, వాళ్ల సమ్మతి పత్రాలన్నీ ఆయన బల్ల మీదికి రావాలి. ఒకసారి ప్రిన్సిపాలే సంతకానికి కలమెత్తితే, సారు కాగితాన్ని మెల్లగా తనవైపు లాక్కుని ప్రశ్న వేశాడు. ప్రిన్సిపాల్ కలానికి మూత పెట్టి, "ఈ సంతకం సోమవారం పెడతాలే యెషయా" అని లేచిపోయాడు.

ఇటువంటి మనిషి చేతిలో పడింది నాగజ్యోతి ఫైలు. నాగజ్యోతి జీవశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరరు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ల ఊపిరితిత్తుల్ని రాతిదుమ్ము ఏం చేస్తోందన్నది ఆమె పరిశోధన. ఒక షెడ్డులో ఇరవై నాలుగు మందికి తలా ఒక ఊపిరి మీటరు ఇచ్చి, రెండు వారాలు పొద్దునా సాయంత్రం ఊది అంకె రాసిపెట్టమంది. అంకెలు చూసి తనే తబ్బిబ్బయింది. ఒక్కరికీ దమ్ము తక్కువ లేదు. అరవై రెండేళ్ల రామసుబ్బమ్మ, రెండు మెట్లెక్కితే కూర్చుండిపోయే మనిషి, పహిల్వానులా ఊదింది. వాళ్లు పొద్దున్నే తినే బొరుగుల ఉగ్గానిలో ఏదో మహిమ ఉందేమోనని నాగజ్యోతి ఒక వ్యాసం కూడా మొదలుపెట్టింది.

ధ్రువపత్రం శుక్రవారం లోపల ఢిల్లీ చేరాలి. చేరకపోతే పరిశోధన ఆగుతుంది, దానితో పాటు ఆమె ఉద్యోగమూ ఆగుతుంది. సోమవారం పొద్దున సారు సమ్మతి పత్రాలు తిరగేసి, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఈ పత్రం చదివేకి పదకొండు నిమిషాలు పడతాది. ఇరవై నాలుగు మందికి నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. సంతకాల పక్కన రాసిన టైము చూస్తే మీరు పన్నెండున్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించినట్టుంది."

"అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి చదివినాను సార్. తలకాయలూపినారు."

"గంగిరెద్దు గూడా ఊపుతాది. పదండి, పోదాం."

మరునాడు ఇద్దరూ ఆళ్లగడ్డ బస్సెక్కారు. బస్సు కదలగానే సారు టికెట్టు వెనక ఉన్న షరతులు చదివి, కండక్టరుకు ఏమర్థమైందో చెప్పమన్నాడు. కండక్టరు డ్రైవరు పక్కకు వెళ్లి నిలబడ్డవాడు ఆళ్లగడ్డ దాకా వెనక్కి రాలేదు. నాగజ్యోతి కిటికీలోంచి శనగచేలు చూస్తూ, శుక్రవారానికి ఇంకా ఎన్ని గంటలున్నాయో వేళ్ల మీద లెక్కబెట్టుకుంది.

షెడ్డులో గ్రైండర్లు ఆపించి, నల్లరాతి వినాయకుడి పక్కన స్టూలు వేసుకుని సారు చదవడం మొదలుపెట్టాడు. మొదటి వంతు రామసుబ్బమ్మది. ఆమె విగ్రహాలకు నునుపు పెట్టే మనిషి. పుస్తకాల మాట వచ్చినచోటల్లా సారు ఆగి, దాన్ని ఇంటి మాటగా మార్చి మళ్లీ చదివాడు. పదకొండు నిమిషాలయ్యాక ప్రశ్న పడింది.

రామసుబ్బమ్మ నాగజ్యోతి వైపు చూసి, మళ్లీ సారు వైపు చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు సదివింది అర్థమయిందిలే సారూ. ముందు మేడమ్ సదివినప్పుడు మాత్రం, నెంబరు తక్కువొస్తే గ్రైండర్లు పీకి షెడ్డుకు తాళమేస్తారనుకున్యాం. అందుకే కొండయ్యతో ఊదిచ్చినాం."

"కొండయ్య ఎవరు?" అంది నాగజ్యోతి.

మూలన బీడీ ఆర్పి ఒకాయన లేచాడు. పెళ్లిళ్లకు నాదస్వరం ఊదే మనిషి, బుగ్గలు పూరీల్లా ఉన్నాయి. "నేనే మేడమ్. పొద్దున ఇరవై నాలుగు, మాపు ఇరవై నాలుగు. పద్నాలుగు దినాలు ఊదినా. నడమ ఒక లగ్గం గూడా ఇడ్సిపెట్టుకుంటి. అందరిదీ ఒకే తీరు ఉండగూడదని ఆడోళ్లది రవ్వంత తగ్గిచ్చి ఊదినా."

నాగజ్యోతి అంకెల పుస్తకం మూసి సంచిలో పెట్టింది. ఉగ్గాని మహిమ అక్కడితో ముగిసింది.

సారు నవ్వలేదు, కోప్పడలేదు. తర్వాతి పత్రం తీశాడు. లక్ష్మీనారాయణ అక్కడందరికీ పెద్ద శిల్పి. ఆయన వంతులో నాలుగో పేజీ రాగానే సారు నిదానించాడు: ఊపిరి తక్కువున్నట్టు తేలితే పెద్దాసుపత్రిలో చూపించి మందులిప్పించాలి, ఎవరి అంకె ఎవరికీ చెప్పకూడదు, షెడ్డు జోలికి ఎవరూ రాకూడదు.

"ఏమర్థమైంది అన్నా?"

లక్ష్మీనారాయణ ఉలి కింద పెట్టాడు. "ఇది ముందే తెలిసింటే నేనే ఊదిందును గదప్పా. రాత్రిళ్లు పండుకుంటే దగ్గుతో ఎగశ్వాస వస్తాంది. చెప్తే పని పోతాదని ఇంట్లో గూడా చెప్పల్యా." మీటరు అందుకుని ఊదాడు. కొండయ్య ఊదిన దానిలో సగం రాలేదు. సారు అక్కడికక్కడే ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు, చదివి వినిపించాడు.

పొద్దు వాలేసరికి ఇరవై నాలుగు సార్లు పదకొండు నిమిషాలు గడిచాయి. వెళ్లబోతుంటే రామసుబ్బమ్మ నాగజ్యోతి చెయ్యి పట్టుకుంది. "ఎనిమిదేండ్ల కింద కాలేజీ నుంచి ఎవరో వచ్చి మా కండ్లు చూసి పోయినారమ్మా. మళ్లా తిరిగి సూడల్యా. ఈ యెషయా సారే ఒక్కొక్క శనివారం బస్సెక్కొచ్చి, ఎవరి కండ్లు ఎట్లుండాయో ఇంటింటికీ సదివి చెప్పినాడు. నా కండ్లకుండే ఈ అద్దాలు అప్పటియే."

సారు వినబడనట్టు గొడుగు దులుపుకున్నాడు.

బుధవారం ఆయన బల్ల మీద ధ్రువపత్రం లేదు, ఢిల్లీకి ఉత్తరం ఉంది. నాగజ్యోతిని కూర్చోబెట్టి మొత్తం చదివాడు. పాత అంకెలు పనికిరావు, వాటిని కొట్టేస్తున్నాం. మీటర్లు ఇచ్చేనాడు ఈ కార్యాలయం దగ్గరుండి చూడవలసింది, చూడలేదు. లోపం కార్యాలయానిదే. మళ్లీ కొలవడానికి మూడు నెలలు గడువు ఇవ్వగలరు. గడువు తప్పకుండా దొరుకుతుందనీ, గ్రాంటు పత్రంలో ఏడో నిబంధన అందుకే ఉందనీ అన్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి పోయింది.

"ఏమర్థమైంది? మీ మాటల్లో చెప్పండి."

నాగజ్యోతి కుర్చీ ముందుకు జరుపుకుంది. "నా తప్పు మీ నెత్తినేసుకుని నన్ను కాపాడినారని అర్థమైంది సార్."

సారు కళ్లజోడు మళ్లీ కిందికి దించాడు.

"అస్సలు అర్థం కాలేదమ్మా. మొదట్నుంచి చదువుతా, వినండి."