నా దోస్తు ఇంట్ల టూరిస్టులు

ముంబై దగ్గర నార్పోలిల మా కార్ఖానల నా పక్క మిషన్ మీద ఒక వార్లీ ఆదివాసి ఆమె నూలు కండెలు చుట్టేది. వాళ్లది వాడా టౌను అవతల అడవిల ఊరు. బట్ట నేసే సాంచల చప్పుడుకు పొద్దంత సైగలే, చాయ్ తాగేటప్పుడే హిందీల నాలుగు మాటలు. మనం అక్కా అన్నట్టు నన్ను తాయీ అనేది. ఉన్నట్టుండి పని బంద్ చేసి ఊరికి పోయింది. ఇంట్ల టూరిస్టులను పెట్టుకుంటున్నదని తర్వాత తెలిసింది.

నాకు సమజ్ కాలే. ముక్కు మొకం తెల్వనోళ్లను ఇంట్లకు పిలుచుకునుడేంది?

సాంచలు బందున్న ఒక శుక్రవారం బస్సెక్కి పోయిన. ముంబై నుంచి వచ్చిన మొగడు పెండ్లాలు వాకిట్ల కూసోని బియ్యప్పిండి రొట్టెలు తింటున్నరు.

ఇదంత ఎందుకని ఆమె పెనిమిటిని అడిగిన. "జమీన్ కొనేటోళ్లు తిరుగుతున్నరు. ఇల్లు కళకళలాడుతుంటే అమ్ముతరా అని అడగరు" అన్నడు. అత్తను అడిగితే నవ్వింది. "కోడలు ఇంటికాడ ఉంటది గదా, గందుకే."

తిన్నంక నా దోస్తు మమ్ముల అడవిలకు తీస్కపోయింది. ఏ ఆకు కూరకొస్తదో, ఏ బెరడు మందుకొస్తదో ఆపకుండ చెప్తున్నది. వాగు దాటినంక ఒక బండ కాడ నిలబడ్డది.

"ఇక్కడి నుంచి వాపస్."

"ముంగటేముంది?" అన్నడు ముంబై ఆయన.

"మా దేవుడు. బయటోళ్లు రావద్దు."

వచ్చేటప్పుడు మెల్లగ అడిగిన, "చూపియ్యొద్దంటే పిలుసుడెందుకే?"

"పిలవకున్నా వస్తరు తాయీ. బైకులేసుకొని దేవుని దాకా పోయి సీసాలు పారేసిండ్రు. ఇప్పుడు నాతోని వస్తే ఇక్కడిదాకే అని చెప్తున్న."

"మీ ఆయన జమీన్ కోసమన్నడు?"

"అది గూడ నిజమే."

"అత్త నీ కోసమన్నది?"

"అది గూడ. కార్ఖానల నాకు గొంతున్నదో లేదో తెల్వకపోయేది. ఇక్కడ మాట్లాడుతుంటే బాగున్నది" అన్నది.

ఇంటికొస్తే మా ఆయన అడిగిండు, "టూరిస్టులను ఎందుకు పెట్టుకున్నదట?"

"దేవుని కోసం."

"గుడి కట్టిందా?"

"లేదు, ఆ దేవుణ్ణి ఎవ్వరికి చూపియ్యది."

ఆయన నన్ను ఎగాదిగ చూసిండు. అంతకన్న నాకూ చెప్పరాలే. మళ్ల సెలవుకు ఆయనను గూడ తోల్కపోదామని ఉన్నది. చుట్టాల లెక్క పోవాలెనో, టూరిస్టుల లెక్క పోవాలెనో తెలుస్తలేదు.