అవ్వ మాటల వెనుక సాంచ మోత

1997లో, అవ్వ, అంటే మా అమ్మ, పోయిన ఏడాదికి, మస్కట్‌లో ఉన్న మా అన్న ఒక క్యాసెట్టు పంపాడు. సెలవు మీద వచ్చిన మనిషి దాన్ని కరీంనగర్‌లో నేను పనిచేసే రికార్డింగు దుకాణానికి తెచ్చి ఇచ్చాడు. మా వైపు చదువురాని తల్లులు గల్ఫ్‌లోని కొడుకులకు ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి పంపేవారు. ఇది అవ్వ చివరి క్యాసెట్టు. సిరిసిల్లలోని ఇంట్లో, మా నాన్న బాపు నడుపుతున్న మరమగ్గం పక్కన కూర్చుని మాట్లాడింది. మేము దాన్ని సాంచ అంటాము. ఆపితే ఆ పూట కూలి దక్కదు. మాటల కోసం ఎవరూ ఆపరు.

"సాంచ మోత తీసెయ్యి తమ్మీ. అవ్వ గొంతొక్కటే వినాలె," అన్నాడు అన్న ఫోనులో. "నీ కంప్యూటర్ పెండ్లి క్యాసెట్లకేనా, మనింటికి పనికి రాదా?" మళ్ళీ తనే, "క్యాసెట్ల అవ్వ మంచిగున్న అన్నది గదా, గందుకే నేను సెలవడగలే," అన్నాడు. ఏడాదిగా అతనికి మిగిలిన ఊరట ఆ ఒక్క మాటే.

మోటారు హోరు మంద్రస్థాయి ధ్వని. ఒక హద్దు పెట్టి, దానికి కిందిదంతా నిట్టనిలువుగా కోసే ఫిల్టరు వేశాను. హోరు పోయింది. కాని మగ్గంలో నూలు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె తగిలిన ప్రతి దెబ్బ చుట్టూ అసలు లేని మోత ఒకటి పుట్టింది. తెరపై గీత తన ఎత్తును దాటి ఎగిసి, దెబ్బకు ముందూ వెనకా, తట్టిన కంచు గిన్నెలా వణికింది. కోత ఎంత పదునైతే వణుకు అంత సాగుతుంది.

అందువల్ల కోతను ఏటవాలు చేశాను. ఫిల్టరు లెక్కలోని అంకెలు చివర్లలో ఠక్కున తెగిపోకుండా క్రమంగా సున్నాకు దిగేలా సవరించాను. హోరు కొంత తిరిగివచ్చింది. ఆ వణుకు అణిగింది.

"నా పానం మంచిగున్నది బిడ్డా, ఫికర్ జెయ్యకు," అంటున్నది అవ్వ. వణుకు అణిగిన చోట, ప్రతి మాటకూ ముందు, ఈడ్చి ఈడ్చి తీసుకుంటున్న ఆమె ఊపిరి వినబడింది.

పదునైన కోతతో చేసిన ప్రతిలో ఆ ఊపిరి వినబడదు. అదే పంపుదామనుకున్నాను. కాని అందులోని మోత మా ఇంట్లో ఎన్నడూ లేనిది. అవ్వ ఊపిరి నిజంగా ఉన్నది. రెండవదే పంపాను.

నెల తరువాత అన్న ఫోను చేశాడు.

"సాంచ జర వినవడ్తుంది తమ్మీ."

"మొత్తం తీస్తే అవ్వ గొంతు చెడిపోతుందన్నా."

"మంచిదేలే. బాపు పక్కనే ఉన్నట్టున్నది." తరువాత అడిగాడు: "అవ్వకు గప్పటికే ఊపిరి ఆడకపోతుండెనా?"

"అవునన్నా."

"మరి మంచిగున్న అన్నదేందిరా!"

ఎప్పుడూ రెండు మాటలతో ఫోను పెట్టేసే మనిషి, ఆ రోజు చాలాసేపు ఫోను పెట్టలేదు.