కత్తెరమ్మ వేసిన తాళం

కత్తెరమ్మ ఇరవై రెండేళ్లు ఒక దుస్తుల ఫ్యాక్టరీలో స్టోర్ రూము చూసింది. కత్తెరలు, సూదులు, దారపు ఉండలు, గుండీలు అన్నీ ఆ గదిలోనే ఉండేవి. పొద్దున్నే కత్తెర తీసుకున్నవాళ్లు దాని నంబరు చెప్పి సంతకం పెట్టాలి, సాయంత్రం అదే కత్తెర తిరిగివ్వాలి. ఒకసారి మేనేజరుగారే వచ్చి ఊడిన గుండీ కుట్టుకోవడానికి ఓ సూది అడిగితే ఆయన చేత కూడా సంతకం పెట్టించుకుంది. కత్తెరమ్మ అన్న పేరు ఆ రోజు వచ్చిందే. ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోయిన రోజున అందరూ కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే ఈవిడ మాత్రం గుమ్మంలో నిలబడి కత్తెరలు లెక్కపెట్టుకుంది. నూట పద్నాలుగుకి నూట పద్నాలుగూ వచ్చాయి. అప్పుడు ఏడ్చింది.

అలాంటి మనిషి చేతికి ఇంటర్నెట్టులో ఓ చర్చావేదిక తాళాలు దొరికితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఆ వేదిక కుట్టుపని వాళ్లది. నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, మిషను మొరాయించగానే ఫోటో పెట్టి గగ్గోలు పెట్టేవాళ్లు, అంతా కలిసి మూడువేల పైచిలుకు. ఐదేళ్ల కిందట దాన్ని మొదలుపెట్టింది కత్తెరమ్మా, ఆమె తోటికోడలూ. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. పెద్దవాడి భార్య కత్తెరమ్మ కింద, చిన్నవాడి భార్య పైన. చిన్నకోడలు ఓ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది, కంప్యూటరు బాగా తెలుసు. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలంతా అంటారు. చేతికి పెన్సిలు ఇచ్చి చూడలేదు వాళ్లు.

వేదికను కత్తెరమ్మ ఇల్లు కట్టినట్టే కట్టింది. కొత్తగా చేరినవాళ్లు వరండాలో కూర్చోవాలి. అక్కడున్నవి చదవొచ్చు, అక్కడే నాలుగు మాటలు రాయొచ్చు, ఫోటోలు పెట్టొచ్చు, అంతే. పనికొచ్చే మాటలు పది రాస్తే ముందుగదిలోకి రానిస్తారు. సొంతంగా కుట్టిన బట్ట ఒకటి ఫోటో తీసి, లోపలివైపు కుట్లు కూడా కనపడేలా పెడితే పనిగదిలోకి. అటక మీద పాత పాఠాలుంటాయి. వాటిని ఎవరైనా చదువుకోవచ్చుగానీ, మార్చే హక్కు ఆవిడ ఒక్కదానికే.

ఎవరు ఏ గదిలో ఏం చేయొచ్చో చూపించే పెద్ద పట్టిక ఒకటుంది. అందులో ప్రతి గడికీ మూడు జవాబులు: అవును, కాదు, ఎప్పటికీ కాదు. ‘కాదు’ అన్నది మెత్తటి జవాబు. ఒక గుంపులో ఉన్నందుకు కాదన్నా, ఇంకో గుంపులో ఉన్నందుకు అవునంటే మనిషి లోపలికి వచ్చేయొచ్చు. ‘ఎప్పటికీ కాదు’ అలా లొంగే రకం కాదు. ఒక్కచోట అది పడిందంటే వంద అవునులు కలిసి తోసినా తలుపు కదలదు. కత్తెరమ్మకు ఆ మూడో జవాబంటే మహా ముచ్చట. మూడేళ్ల కిందట ఆ ముచ్చట తోటికోడలి మీద తీర్చుకుంది.

జరిగింది ఇంతే. చొక్కా చేతులు కత్తిరించే పాఠం ఒకటి కత్తెరమ్మ అటక మీద పెట్టింది. చంక దగ్గర కొలత అరంగుళం తక్కువ పడింది. చిన్నకోడలు శుభ్రంగా బొమ్మ గీసి, ఎర్రగీత కొట్టి, ఇక్కడ అరంగుళం కలపకపోతే చెయ్యి పైకెత్తినప్పుడు కుట్టు పిగులుతుందని ముందుగదిలో అందరి ఎదుటా పెట్టింది. మెట్లు దిగి వచ్చి చెవిలో చెబితే పోయేదానికి! అంత చెయ్యెత్తాల్సిన అవసరం ఎవరికొచ్చిందని కత్తెరమ్మ జవాబు రాసింది. నలభై మంది నవ్వుబొమ్మలు పెట్టారు. ఆ నవ్వు ఎవరి మీదో తెలుసుకోలేనంత అమాయకురాలు కాదావిడ. తోటికోడలి పేరు వెతికి, గడులన్నిటా ‘ఎప్పటికీ కాదు’ కొట్టి, మేడమెట్ల కింద నిలబడి, ఇక మా వేదిక గడప తొక్కొద్దని కేకేసి మరీ చెప్పింది. పైనుంచి ‘సరే అక్కా’ అని మాత్రం వినపడింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు ఆగిపోయాయని కాదు. నీళ్ల ట్యాంకు నిండిందా, పాలు వచ్చాయా, గ్యాసు బండ ఎప్పుడొస్తుంది, ఇవన్నీ మామూలే. వేదిక ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అంతకుముందు సాయంత్రాలు ఇద్దరూ ఒకే కంప్యూటరు ముందు చెరో కుర్చీ వేసుకుని, సభ్యులు పెట్టే వంకర కాలర్లు చూసి కడుపుబ్బ నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు రెండో కుర్చీ మీద కత్తెరమ్మ ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటుంది. ఆ కుర్చీ చూస్తే ఆవిడకు బాధ. బాధ వేసినప్పుడల్లా కొత్త నియమం ఒకటి పెట్టేది.

ఆవిడకు గొప్పగా చెప్పుకోవడానికి మాత్రం ఒకటుంది. పక్క వేదికల నిండా బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనీ, వారంలో నడుం సన్నం చేస్తామనీ చెత్త ప్రకటనలు. కత్తెరమ్మ వేదికలో మచ్చుకి ఒక్కటి కనపడదు. తాళం వేయడం చేతనైతే అలాగే ఉంటుందని ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పేది. పాలబ్బాయికి కూడా చెప్పింది.

ఇక అసలు రోజు సంగతి. ఏటా వేదికలో ఒక కుట్టుపోటీ ఉంటుంది. ఈసారి చొక్కాకి మూడు జేబులుండాలి, ఒక్కటీ కనపడకూడదు. ఆ సంగతి పనిగదిలో మాత్రమే ప్రకటించారు. ఫోటోలు పెట్టడానికి గడువు ఆదివారం సాయంత్రం ఆరింటికి. ఆరు దాటి ఒక్క నిమిషమైనా తీసుకునేది లేదని ఎర్రక్షరాల్లో రాసింది కూడా కత్తెరమ్మే.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వరండాలో ఓ కొత్త సభ్యుడు పూనకం వచ్చినట్టు ఫోటోల మీద ఫోటోలు పెట్టడం మొదలెట్టాడు, అన్నీ తన పిల్లివే. పోటీ అయ్యేదాకా కొత్తవాళ్లకు ఫోటోలు బందు పెడదామని కత్తెరమ్మ పట్టిక తెరిచింది. కళ్లద్దాలు మిషను మీద ఉన్నాయి. లేచి తెచ్చుకోవడానికి బద్ధకించింది. ‘కొత్త సభ్యులు’ అన్న వరుస కింద ‘సభ్యులందరూ’ అన్న వరుస ఉంటుంది. వేలు కింది వరుస మీద పడింది. ఎలాగూ చేస్తున్నాం గదా అని వరుస మొత్తానికీ ఒక్క దెబ్బతో ‘ఎప్పటికీ కాదు’ కొట్టి, భద్రపరిచి, తృప్తిగా ఒళ్లు విరుచుకుంది.

తెర ఖాళీ అయింది. మధ్యలో ఒకే వాక్యం: మీకు ఇక్కడ ప్రవేశం లేదు, నిర్వాహకురాలిని సంప్రదించండి.

ఆ వాక్యం రాసింది తనే. అందరికీ తాళాలేసే అధికారం తనకుంది, నిజమే. కానీ తనూ ఒక సభ్యురాలే కదా. సంప్రదించండి అన్నచోట నొక్కి, గబగబా సంగతంతా రాసి పంపింది. పక్కనున్న ఫోను టింగుమంది. తెరిచి చూస్తే తను రాసిన ఉత్తరమే తనకు వచ్చింది.

ఆ వెనకే మిగతావాళ్ల ఉత్తరాలు వరద కట్టాయి. గుండీల దుకాణం ఆవిడ తనను ఎందుకు గెంటేశారో కారణం చెప్పమంది. పిల్లి యజమాని క్షమాపణ చెప్పుకున్నాడు. బస్సు డ్రైవరుగా రిటైరై, అరవై ఏళ్లు దాటాక సూది పట్టిన పెద్దాయన ఒకరున్నారు. వరండాలోంచి పనిగదికి రావడానికి ఆయనకు ఎనిమిది నెలలు పట్టింది. ఇదే మొదటి పోటీ. ఆయన ఇలా రాశారు: ‘అమ్మా, రెండు నెలలు కూర్చుని చొక్కా కుట్టాను. ఫోటో పెట్టబోతే వేదిక బయటికి పంపేసింది. నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా? ఆరింటిలోపు సరిదిద్దుకుంటాను.’

కత్తెరమ్మ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. తప్పు చేసింది తను, సరిదిద్దుకుంటానంటున్నది ఆయన.

వేదికకు చోటిచ్చిన కంపెనీకి ఫోను చేస్తే ఆదివారం సెలవని రికార్డు పలికింది. చివరికి కళ్లద్దాలు పెట్టుకుని, ఐదేళ్లలో ఏనాడూ తెరవని సహాయం పేజీలు తెరిచింది. పదకొండో పేజీలో ఉంది: వేదికలో మొట్టమొదటి ఖాతా తెరిచినవారు స్థాపకులు, వారి ఖాతాకు ఏ తాళమూ పనిచేయదు.

మొట్టమొదటి ఖాతా ఎవరిదో గుర్తు చేసుకోవడానికి ఆవిడకు కష్టపడాల్సిన పనిలేదు. ఆ రోజు తను మెడలో టేపు వేసుకుని వెనక నిలబడి హుకుములు జారీ చేస్తుంటే, కుర్చీలో కూర్చున్నది చిన్నకోడలు. ఎవరి పేరు పెట్టమంటారని అడిగితే, ముందు నీది కొట్టి చూడు, పనిచేస్తే నాది పెడదాం అంది కత్తెరమ్మే.

పైనుంచి కుట్టుమిషను చప్పుడు వినపడుతోంది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

పేపరు చదువుకుంటున్న భర్తను పైకి వెళ్లి అడగమని బతిమాలింది. ఆయన పేపరు దించకుండానే, ‘ఏమని అడగను? మా ఆవిడ ఇంటికి తాళం వేసి తనే బయట ఉండిపోయిందనా?’ అన్నాడు. ఇక లాభం లేదని మిషనులో వేసే నూనె డబ్బా పట్టుకుని మెట్లెక్కింది. నూనె కోసం వచ్చానని చెబుదామని. సగం మెట్లెక్కాక డబ్బా నిండుగా ఉందని గుర్తొచ్చింది. అక్కడే పెట్టేసి పైకి పోయింది.

చిన్నకోడలు మిషను ఆపి లేచి నిలబడింది. కత్తెరమ్మ చూపు ఆమె మీద పడలేదు, వెనక కొక్కేనికి వేలాడుతున్న చొక్కా మీద పడింది. దగ్గరికెళ్లి తడిమింది. పక్క కుట్టులో ఒక జేబు, గుండీపట్టీ వెనక ఒకటి, భుజం పట్టీ కింద ఇంకొకటి. మొత్తం మూడు. బయటికి ఒక్కటీ కనపడటం లేదు.

‘పోటీ సంగతి నీకెవరు చెప్పారు?’

చిన్నకోడలు తల దించుకుంది. ‘చదివాను అక్కా.’

‘పనిగదిలోనా? లోపలికి ఎలా వచ్చావు?’

‘మీరు తాళం వేశానన్న రోజే తలుపు తోసి చూశాను. తెరుచుకుంది. పొరపాటున తెరిచి ఉంచారేమో అనుకున్నాను. మర్నాడూ తెరుచుకుంది.’

‘అంటే మూడేళ్లుగా రోజూ వస్తున్నావా? మరి ఒక్క ముక్కా రాయలేదేం?’

‘మీరు వద్దన్నారుగా.’

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదనిపించింది కత్తెరమ్మకు. పక్కనున్న స్టూలు మీద చతికిలబడి, తను చేసిన నిర్వాకం ఉన్నదున్నట్టు చెప్పేసింది. వేలు ఎక్కడ పడిందో, ఉత్తరం ఎవరికొచ్చిందో, డ్రైవరుగారు ఏం రాశారో, ఏదీ దాచలేదు. ఉత్తరం తనకే వచ్చిందనేసరికి చిన్నకోడలు పెదవులు బిగబట్టుకుంది. పిల్లి సంగతి దగ్గర ఇక ఆగలేక ఫక్కున నవ్వింది. కత్తెరమ్మకు ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఇద్దరూ మిషను పట్టుకుని కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వారు.

కంప్యూటరు తెరవగానే వేదిక చిన్నకోడలిని చక్కగా లోపలికి రానిచ్చింది. పట్టిక తీసి, వరుస సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. అలా సరిచేస్తుండగా, పక్కన ఒక జాబితా కత్తెరమ్మ కంటపడింది. ఎప్పుడు ఏది తీసేశారో చెప్పే ఆ జాబితా స్థాపకులకు మాత్రమే కనపడుతుంది. జుట్టు మందు, నడుం మందు, మళ్లీ జుట్టు మందు. అన్నీ పొద్దున ఐదున్నరకో, ఐదూ నలభైకో తీసేసినవే. ఎన్ని పేజీలు తిప్పినా అవే. ఆ వేళప్పుడు కింద కత్తెరమ్మ గురకపెట్టి నిద్రపోతూ ఉంటుంది.

‘ఇదంతా నువ్వేనా?’

‘రాయొద్దన్నారు గానీ, ఊడవొద్దనలేదుగా అక్కా.’

పాలబ్బాయికి కొట్టిన గొప్పలన్నీ గుర్తొచ్చి కత్తెరమ్మ చెవులు వేడెక్కాయి.

ఐదూ పదికల్లా జనం బిలబిలమంటూ లోపలికొచ్చారు. తప్పు నాదేనని కత్తెరమ్మ అందరికీ రాసింది. గడువు సోమవారం సాయంత్రం దాకా పెంచింది. ఎర్రక్షరాలు తన చేత్తోనే చెరిపేసింది. ఐదూ నలభైకి డ్రైవరుగారి చొక్కా వచ్చింది. ఒక జేబు కనపడుతూనే ఉంది, కాలరు ఎడంపక్కకి పోయింది. తోటికోడళ్లిద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని దాన్ని తదేకంగా చూశారు. ఈసారి నవ్వలేదు. మొదటి మెచ్చుకోలు కత్తెరమ్మే రాసింది.

తర్వాత పట్టికలో చిన్నకోడలి పేరున్న వరుస వెతికించింది. మూడేళ్లుగా అది అలాగే ఉంది, గడులన్నిటా ‘ఎప్పటికీ కాదు’.

‘ఉండనివ్వండి అక్కా, అది ఎలాగూ పనిచేయదుగా’ అంది చిన్నకోడలు.

‘నీ మీద పనిచేయదు. నాకు కనపడుతుంది కదమ్మా’ అని కత్తెరమ్మ ఒక్కో గడీ తన వేలితో మార్చింది. ఈసారి కళ్లద్దాలు పెట్టుకునే మార్చింది.

ఇంకొకటి మిగిలింది. అటక మీది పాఠం తెరిచింది. మూడేళ్లుగా చేతనయ్యుండి కూడా చిన్నకోడలు ఆ పాఠంలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కత్తెరమ్మ చంక కొలతకు అరంగుళం కలిపి, కింద ఇలా రాసింది: ‘ఈ మాట మొదట చెప్పింది మా తోటికోడలు. బొమ్మ ఆమె గీసిందే పెడుతున్నాను.’ రాసి, గొంతు సవరించుకుంది.

‘నీకో సంగతి చెప్పాలి. ఈ మూడేళ్లూ నేను కుట్టిన చొక్కాలన్నీ అరంగుళం కలిపే కత్తిరించాను.’

చిన్నకోడలు మేడ మీద బట్టలారేసే తీగ వైపు చూసింది. కత్తెరమ్మ ఉతికిన చొక్కాలు వరసగా చేతులు చాచి ఆరుతున్నాయి.

‘తెలుసక్కా. రోజూ మడతపెట్టి కిందికి పంపేది నేనేగా’ అంది.