నీడ ఇంకా విప్పుకోలేదు

డ్రాయింగు మాస్టారికి ఉన్న పిచ్చి ఒక్కటే. నలుపు తెలుపు ఫొటోలో ఎక్కడైనా చీకటి ముద్దగా కనబడిందంటే, అందులో ఎవరో చిక్కుకుని కేకలు పెడుతున్నట్టు కంగారుపడిపోయేవారు.

ఒకసారి పరామర్శకని ఒకరింటికి వెళ్ళి, గోడమీదున్న పెద్దాయన ఫొటో ముందు నిలబడి "అయ్యో పాపం!" అన్నారు. ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. "జుట్టంతా గోడలో కలిసిపోయింది. ఎవరండీ దీన్ని ప్రింటు తీసింది?" అన్నారు మాస్టారు. ఆయన భార్య తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చెప్పులు వెతుక్కునే వంకతో బయటికి వచ్చేసింది.

ఆవిడ ఒక చిన్న ఆసుపత్రిలో పెద్ద నర్సు. అందరూ నర్సమ్మ అంటారు. ఆమె వార్డులోకి అడుగుపెడితే జ్వరం కూడా లేచి నిలబడుతుందని పేరు. అంతటి మనిషికీ మొగుడి పక్కన నడవాలంటే మాత్రం మొహం చెల్లేది కాదు. ఆమె జుట్టుకి కొత్తగా రంగు వేసుకుని వస్తే, చుట్టాలందరి ముందూ "ఒట్టి నల్లముద్దోయ్! ఒక్క వెంట్రుకా విడిగా తెలియడం లేదు" అన్న ఘనుడాయన.

ఇలా ఉండగా ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు రిటైరవుతున్నాడు. అందరితో ఒక ఫొటో తీసి, ఫ్రేము కట్టించి ఇద్దామనుకున్నారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, మెట్లమీద, పొట్టివాళ్ళని ముందుకు లాగి, పొడుగువాళ్ళని వెనక్కి తోసి, వరసలు సర్దింది నర్సమ్మ. కెమెరా నొక్కింది మాస్టారు.

ఇక మొదలైంది. ఇంట్లో కిటికీ పక్క గదిలో ప్రింటరు గురగురమంటూనే ఉంది. కంప్యూటరులో నీడల్ని వెంట్రుకవాసి వెలుగువైపు జరపడం, సన్నటి ముక్క ఒకటి ప్రింటు తీయడం, దాన్ని బట్టల తీగకి క్లిప్పు పెట్టి ఆరేయడం, కిటికీ వెలుతురులో పట్టుకుని పెదవి విరవడం. కాస్త ఎక్కువ జరిపితే అందరి మొహాలూ బూడిద పూసినట్టయ్యేవి. తక్కువైతే మళ్ళీ చీకటి.

"కంప్యూటర్లో బాగానే ఉందిగా!" అనేది నర్సమ్మ.

"తెరకి దాని వెలుగుందోయ్. కాగితానికేముంది? అక్కడ కనపడ్డవాడు ఇక్కడ సిరాలో మునిగిపోతాడు."

ఆసుపత్రిలో అందరూ "ఫొటో ఏది నర్సమ్మా?" అంటే, మొదట ప్రింటరు పాడైందంది. తరవాత ఆయనకి జలుబంది. "జలుబు మాస్టారికా, ప్రింటరుకా?" అన్నాడు మందుల కౌంటరాయన. అందరూ పకపకా నవ్వారు. నర్సమ్మకి చచ్చినంత పనైంది.

వీడ్కోలు సభ రోజు వచ్చింది. "ఏమండీ, సాయంత్రమే సభ. ఇంకేం మిగిలింది?"

"ఒక్క మూల నీడ విప్పుకోలేదు."

"ఏ మూల?"

మాస్టారు ఏదో చెప్పబోయి ఆగారు. "ఏదో మూలలే. నా చాదస్తం నీకు తెలిసిందేగా."

ఆయన భోజనానికి లేవగానే, నర్సమ్మ పక్కన పడేసిన పెద్ద ప్రింట్లలోంచి ఒకటి తీసుకుంది. అందులో తన మొహం బంగారంలా వచ్చింది, చీర కుచ్చిళ్ళు కూడా తెలుస్తున్నాయి. ఇంతకన్నా ఏం కావాలి? ఫ్రేము కట్టించి, బస్సులో దారిపొడుగునా చూసుకుంటూ వెళ్ళింది.

సభలో డ్రైవరు పొట్లం విప్పాడు. అందరూ మూగి ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నారు. డ్రైవరు ఫొటోని ఆ కొసనుంచి ఈ కొసకి చూసి, "బాగుందమ్మా. అందరూ ఉన్నారు" అన్నాడు.

"నువ్వేడి మరి?" అన్నాడు కౌంటరాయన.

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఫొటోలో ఆయన భుజం వెనకాల పోర్టికో నీడలో నల్లటిదేదో ఉంది. "గొడుగేమో" అన్నారెవరో.

"గొడుగు కాదండీ, నేనే" అని నవ్వాడు డ్రైవరు.

నర్సమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. "పొడుగ్గా ఉన్నావుగా, వెనక్కి పో" అని ఆ నీడలోకి తోసింది తనే. ఎవరి కోసం ఫొటోనో ఆ మనిషినే తోసింది. పైగా బస్సులో అంతసేపు చూసి కూడా, తన కుచ్చిళ్ళు తప్ప ఆ లోటు కళ్ళబడలేదు. వార్డులో అందరి తప్పులూ పట్టే మనిషి, తలెత్తి ఎవరి వంకా చూడలేకపోయింది.

అంతలో మాస్టారు రొప్పుతూ వచ్చారు. చొక్కా నిండా సిరా మరకలు. అంచులు పట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు ఒక ప్రింటు తెచ్చారు. "ముట్టుకోకండి, పూర్తిగా ఆరలేదు! ఆ ఫ్రేములోది పాడైన ప్రింటండీ. పైన పెట్టింది నేనే, ఆవిడ పొరపాటేం లేదు."

నర్సమ్మ ఆయన్ని పక్కకి లాగింది. "నేనే డ్రైవర్ని చీకట్లో నిలబెట్టానని ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు అతని మొహం చూడలేకపోయేదానివి. నన్ను పిచ్చాడనడం అందరికీ అలవాటేగా, ఇంకో నాలుగు రోజులు అనుకోనీ అనుకున్నా."

నర్సమ్మ చీర కొంగుతో ఆయన చేతిమీది సిరా తుడవబోయింది. కొంగుకీ అంటింది.

అటువైపు, మాస్టారు బల్లమీద పెట్టిన కొత్త ప్రింటు మీదికి అందరూ వంగారు. అందులో డ్రైవరు మొహం, ముడతలతో సహా, తేటగా కనబడుతోంది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అతని కుడిచెయ్యి కూడా కనబడుతోంది. దాని రెండు వేళ్ళు పెద్ద డాక్టరుగారి తలకి కొమ్ముల్లా లేచి ఉన్నాయి.

డ్రైవరు నాలిక కరుచుకున్నాడు. "సార్... అదీ..."

డాక్టరుగారు తన తల ఒకసారి తడిమి చూసుకున్నారు. "మాస్టారూ, దీన్ని మళ్ళీ నల్లగా చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యే నర్సమ్మ డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. "నిన్ను వెనక్కి తోసింది నేనే. తప్పయిపోయింది నాయనా."

"భలేవారమ్మా!" అన్నాడతను, ఫొటో ఎవరికీ అందకుండా ఎత్తి పట్టుకుని. "మీరు ముందు వరసలో నిలబెట్టుంటే, నేను బుద్ధిగా చేతులు కట్టుకుని ఉండేవాణ్ణి కదా!"