మిషనరీ కాని దొర

“ఏమ్మా మహిమా, నీ దొర ఆదివారం ఏ చర్చికి వెళ్తాడు?”

అడిగింది సంఘ పెద్ద ఇమ్మానియేలు గారు. మహిమ రాసిన డిటెక్టివ్ నవలను తన ఖర్చుతో అచ్చు వేయిస్తానని మాటిచ్చిన పెద్దమనిషి. వరసకు బాబాయి.

“ఆదివారం కుక్కను తిప్పడానికి వెళ్తాడు బాబాయ్.”

మహిమకు నలభై దాటాయి. బ్రాడీపేటలో చిన్న డీటీపీ షాపు నడుపుతుంది. కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాలకూ పెళ్లి శుభలేఖలకూ మధ్య దొరికిన ఖాళీల్లో ఈ నవల రాసింది. అందులో డిటెక్టివ్ డంకన్. పత్తి కొనుగోలు ఉద్యోగం మీద స్కాట్లాండ్ నుంచి వచ్చి, రిటైరయ్యాక మంగళగిరిలోనే ఉండిపోయిన ముసలాయన. వెంట ఓ ఊరకుక్క, పేరు కరణం.

కథల్లో కుక్కలు వాసన చూసి దొంగను పడతాయి. మిర్చి గోదాములో ఏ కుక్క ముక్కు పనిచేస్తుంది? కరణం ప్రతి బస్తా దగ్గరా తుమ్ముతుంది. ఒక్క వరస దగ్గర మాత్రం తుమ్మదు. ఆ బస్తాలు విప్పితే ఊక. రైతుల మిర్చి మాయం చేసినవాడు గోదాము ఓనరే. పట్టుబడ్డాక కూడా వాడు ఎంతిస్తే ఊరుకుంటావని డంకన్‌తో బేరమాడతాడు.

ఇమ్మానియేలు గారికి ఊక నచ్చింది. కానీ డంకన్ మిషనరీ కావాలి, దొంగ చివర్లో మారుమనసు పొందాలి అన్నారు.

“తెల్లాయన ఊరికే ఉండటమేంటమ్మా?”

“రిటైరయ్యాడు బాబాయ్. మీరూ రిటైరయ్యారుగా, మిమ్మల్నెవరన్నా అడిగారా?”

“నోరు చూడు! పోనీ ఆ దొంగనన్నా ఏడిపించు.”

“గోదాము ఓనరు ఏడవటం మీరెప్పుడన్నా చూశారా?”

ఆయన చూడలేదు. అయినా, రెండూ మారిస్తేనే డబ్బు అన్నారు.

మన దగ్గర తెల్లవాడు కథలోకి రావాలంటే బైబిలు పట్టుకునైనా రావాలి, తుపాకీ పట్టుకునైనా రావాలి. కుక్కను పట్టుకుని వస్తే అనుమానిస్తాం. దొంగ ఏడిస్తే మాత్రం, పోయిన మిర్చి సంగతి మరిచిపోతాం.

ఇక్కడ మహిమ పెద్దల మాటకు తలవంచిందని రాస్తే చాలామందికి హాయిగా ఉంటుంది. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుని లేచి వచ్చేసింది. కొత్త కంప్యూటరు కోసం దాచిన డబ్బు తీసుకుని, తను టైపు చేసినవి అచ్చు వేసే మీరా హుస్సేన్ ప్రెస్సుకు వెళ్లింది.

నాలుగు పేజీలు చదివి అతను పగలబడి నవ్వాడు.

“అక్కా, మా పక్కింటాయన కరణీకం చేసిన మనిషి. కుక్కకి ఆ పేరేంటని తన్నడానికొస్తే?”

“తన్నులు నేను తింటా. నువ్వు అచ్చెయ్.”

“డబ్బు సగమే తెచ్చావు కదక్కా.”

“మిగతాది పుస్తకాలు అమ్మి ఇస్తా.”

అయిదు వందల కాపీలు, ఒక్క వాక్యం మారకుండా అచ్చయ్యాయి. చర్చి ఆవరణలో అమ్మడానికి వీల్లేదని ఇమ్మానియేలు గారు కబురు పంపారు. ఆమె రోడ్డుకు అవతలి పక్క బల్ల వేసుకుని అమ్ముతోంది. మీరా హుస్సేన్‌కు ఇంకా పద్నాలుగు వేల రూపాయలు ఇవ్వాలి.