మాత్రల క్లాసులో ఫెయిలయిన సేఫ్టీ మాస్టారు

కోలారు బంగారు గని ప్రభుత్వం చేతికి వచ్చాక ఉద్యోగంలో చేరి, అది మూతపడేదాకా నేను చేసిన పని ఒక్కటే, మాట్లాడటం. కొత్తగా గనిలోకి దిగేవాళ్ళకు సేఫ్టీ క్లాసు చెప్పేవాణ్ణి. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలి, తూటాలు పేల్చేటప్పుడు ఎక్కడ నిలబడాలి, అన్నీ చెప్పి చివర "అర్థమయిందా?" అని అడిగేవాణ్ణి. "అయింది సార్" అని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. నాకు నేనే మురిసిపోయేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత నన్ను చూసే పుట్టించి ఉంటారు.

అందుకే, మా ఆవిడకు పేగులో గడ్డ తీసేశాక, కేన్సర్ మాత్రలు ఇంటి దగ్గరే మింగాలనీ, ముందు ఇద్దరూ ఒక క్లాసుకు రావాలనీ కోలారు ఆసుపత్రిలో అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నాకా క్లాసు? రాబర్ట్‌సన్‌పేటలో బస్సెక్కి వెళ్ళాం. క్లాసు చెప్పే నర్సమ్మకు మా చిన్నమ్మాయి వయసుంటుంది. పద్నాలుగు రోజులు మింగి ఏడు రోజులు ఆపాలంది. అన్నం తిన్న అరగంటలోపు నీళ్ళతో మింగాలి, నలగ్గొట్టకూడదు, ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. అరికాళ్ళు మండి బొబ్బలెక్కితే మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలని కూడా చెప్పిందట. ఆ ముక్క నేను వినలేదు. బోర్డు మీద అక్షరాలు మరీ చిన్నవిగా రాస్తోందని అప్పుడు పక్కాయనతో అంటున్నాను.

ఇంటికొచ్చి ఆ క్లాసంతా మళ్ళీ నేను చెప్పాను. వంటింటి గోడకు పెద్ద చార్టు అంటించి, గరిటె కాడతో ఒక్కొక్క గడీ చూపించాను. నర్సమ్మ చెప్పనిది ఒకటి సొంతంగా కలిపాను. ఏమైనా సరే, ఒక్క మాత్ర కూడా తప్పకూడదన్నాను. "అర్థమయిందా?" అంటే "అయింది" అంది ఆవిడ.

రెండో విడతలో ఒక రోజు పొద్దున ఆవిడ మడమల మీద నడుస్తూ కనిపించింది. చెప్పు కరిచిందంది. నమ్మకుండా కూర్చోబెట్టి చూశాను. అరికాళ్ళు ఎర్రగా కమిలి, బొబ్బలెక్కి, ఒకచోట తోలు ఊడి ఉంది. నాలుగు రోజులుగా అలాగే ఉందట. ఆ నాలుగు రోజులూ ఆవిడ పూటపూటకూ మింగుతూనే ఉంది, నేను చార్టులో టిక్కు పెడుతూనే ఉన్నాను.

"ఎందుకు చెప్పలేదే?" అని అరిచాను. ఆ పరిస్థితిలో కూడా అరవడానికి నాకు సిగ్గు లేకపోయింది.

"ఆయమ్మ ఆపమనింది. మీరేమో ఏమైనా తప్పకూడదంటిరి. ఇన్నేండ్లు సేఫ్టీ చెప్పినోళ్ళు, మీకే బాగా తెల్సుంటాదనుకుంటి" అంది.

నర్సమ్మకు ఫోన్ చేస్తే, మాత్రలు ఆపేసి ఆ పూటే రమ్మంది. డాక్టరు చూసి పూతమందు రాసిచ్చాడు. ఇంకా మింగి ఉంటే నడవలేకుండా పడిపోయేదన్నాడు. నేను ఆ తప్పు ఎలా జరిగిందో నర్సమ్మకు మొదటి నుంచీ వివరించబోయాను.

"మీరు కొంచేపు ఊరికే ఉండండప్పా" అని ఆమె మా ఆవిడ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఎట్ల మింగుతావు, ఏమైతే ఆపుతావు?"

మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది. అయిపోయాక నర్సమ్మ నన్నడిగింది. "ఇంగ మీరు చెప్పండప్పా. ఆమె ఇప్పుడేం చెప్పినాది?"

నేను ఒక్క ముక్కా వినలేదు. ఆవిడ చెబుతున్నంతసేపూ, నా వంతు వస్తే ఏం చెప్పాలో కూర్చుకుంటున్నాను. తల కొట్టేసినట్టయింది. గనిలో "అయింది సార్" అన్నవాళ్ళలో ఎందరికి నిజంగా అర్థమయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కణ్ణయినా తిరిగి చెప్పమని అడిగిన పాపాన పోలేదు.

"ఇంకోసారి చెప్పమ్మా, ఆయన వినాల" అంది నర్సమ్మ.

"కాళ్ళు మండితే మాత్ర ఆపాల. ఈయనకు చెప్పాల."

"ఆయన వినకుంటే?"

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఈయన్ని అడక్కుండా మీకు ఫోన్ చేస్తా" అంది.

"అంతేనమ్మా" అంది నర్సమ్మ.

కాళ్ళు మానాక, డాక్టరు మోతాదు తగ్గించి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు ఒక రోజు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆవిడ ఫోన్లో మాట్లాడుతోంది. నోట్లో పుండు లేచిందనీ, కారం తగలనివ్వడం లేదనీ నర్సమ్మతో చెబుతోంది. నేను సంచీ కింద పెట్టి, "అది కాదే, మొన్నటి నుంచే..." అనబోయాను. ఆవిడ నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆగమంది. ఆగాను.